కార్టూనే కదా అని తీసుకువెళితే...

2025 సెప్టెంబరు నెలాఖరులో ఒక తల్లి తన ఎనిమిదేళ్ళ కుమారుణ్ణి వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. కుర్రవాడికి జ్వరం లేదు. దగ్గు లేదు. ఎత్తు, బరువు వయసుకు తగ్గట్టే ఉన్నాయి. "పది రోజులుగా వీడికి సరైన నిద్ర లేదు డాక్టరుగారూ! రాత్రి రెండింటికో మూడింటికో లేచి కూర్చుంటున్నాడు. ఊరికే కూర్చోవడం కూడా కాదు. వాళ్ళ నాన్న మంచం దగ్గరికి వెళ్ళి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాడు" అంది. చెబుతూంటేనే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పటికే ఇంట్లో ఎవరికి తోచింది వారు చేశారు. అత్తగారు నులిపురుగులేమోనని మందు వేయించింది. పక్కింటావిడ దిష్టి అంటే ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పడేశారు. బడిలో ఎవరైనా కొట్టారేమోనని తండ్రి వెళ్ళి మాస్టారిని కనుక్కుని వచ్చాడు. "ఈమధ్య కొత్తగా ఏమైనా జరిగిందా అమ్మా?" అని నేనడిగితే ఏమీ లేదంది. లేచి వెళ్ళబోతూ మాత్రం, "మా తమ్ముడు వచ్చి వీణ్ణి సినిమాకు తీసుకువెళ్ళాడండీ. అది కార్టూనే లెండి, అందులో భయపడడానికేముంటుంది?" అంది.

ఆవిణ్ణి మళ్ళీ కూర్చోమన్నాను.

ఆ సినిమా పేరు 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్'. జపాను వారు తీసిన బొమ్మల చిత్రం. 2025 జూలై 18న అక్కడ, సెప్టెంబరు 12న మన దేశంలో విడుదలైంది. తెలుగు మాటలతో కూడా వచ్చింది. నిడివి 155 నిమిషాలు. మన సెన్సారు బోర్డు దానికిచ్చిన సర్టిఫికెట్టు 'యుఎ 13+'. మన కుర్రవాడి వయసు ఎనిమిది.

మేనమామను తప్పుపట్టి లాభం లేదు. మేనల్లుడు అడిగాడు, ముచ్చటపడి తీసుకువెళ్ళాడు. గేటు దగ్గర ఎవరూ ఆపలేదు, ఆపవలసిన పని కూడా లేదు. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు సరిగా తెలియదు గనుక ముందు అది చెబుతాను.

సర్టిఫికెట్టు మీద అంకె ఎవరికోసం?

1952 నాటి సినిమా చట్టం కింద మొదట్లో మనకు రెండే అక్షరాలుండేవి. 'యు' అయితే అందరూ చూడవచ్చు, 'ఎ' అయితే పెద్దవాళ్ళు మాత్రమే. వాల్‌పోస్టరు మీద 'ఎ' కనబడితే తల వంచుకుని పోయిన తరం మాది. 1983 నుంచి మధ్యలో 'యుఎ' వచ్చింది. అందరూ చూడవచ్చుగాని 12 ఏళ్ళలోపు పిల్లలకు పెద్దల పర్యవేక్షణ కావాలని దాని అర్థం. కాని ఆరేళ్ళవాడికీ పదకొండేళ్ళవాడికీ ఒకే అక్షరం ఎలా సరిపోతుంది? అందుకే 2023లో చట్టాన్ని సవరించి 'యుఎ'ను మూడు ముక్కలు చేశారు. ఇప్పుడు యుఎ 7+, యుఎ 13+, యుఎ 16+ అని ఇస్తున్నారు.

'ఎ' సినిమాకు 18 ఏళ్ళు నిండనివారిని తండ్రి వెంట ఉన్నా లోపలికి పంపకూడదు. అది నిషేధం. 'యుఎ' పక్కన ఉండే అంకె మాత్రం నిషేధం కాదు, తల్లిదండ్రులకిచ్చే సలహా. "మీ వాడికి పదమూడు రాలేదు, తీసుకువెళ్ళాలో వద్దో మీరు ఆలోచించుకోండి" అని బోర్డువారు మీకు రాసిన ఉత్తరం అనుకోండి. ఆ ఉత్తరం చదవవలసింది మీరు. టిక్కెట్లు చింపే అబ్బాయి కాదు.

మాంగా అంటే ఏమిటి?

మనకు చిన్నప్పుడు చందమామ ఎలాగో జపానులో బొమ్మల కథలు అలాగ. వాటిని మాంగా అంటారు. ఎక్కువగా నలుపు తెలుపుల్లో, పత్రికల్లో సీరియల్‌గా వచ్చి తరవాత పుస్తకాలవుతాయి. కుడినుంచి ఎడమకు చదవాలి. అయితే చందమామకూ వీటికీ ఒక భేదం ఉంది. చందమామను ఇంటిల్లిపాదీ చదివేవారు. జపానులో మాత్రం ఎవరి పత్రిక వారిదే. అబ్బాయిల పత్రికలు, అమ్మాయిల పత్రికలు, ఉద్యోగాలు చేసుకునే యువకుల పత్రికలు, పెద్దవయసు స్త్రీల పత్రికలు వేరువేరుగా ఉంటాయి. బొమ్మలున్నాయి గనుక పిల్లలవే అనుకుంటే పొరపాటు.

'డీమన్ స్లేయర్' వచ్చింది అబ్బాయిల పత్రికలోనే. కోయొహారు గొతోగే అనే కలం పేరుతో రాసిన ఈ కథ 2016 నుంచి 2020 వరకు 'వీక్లీ శోనెన్ జంప్'లో సీరియల్‌గా వచ్చి 23 సంపుటాలయింది. 'శోనెన్' అంటే బాలుడు. కథానాయకుడు తాంజిరో అనే పేద కుర్రవాడు. బొగ్గులమ్ముకుని ఇంటికి తిరిగి వచ్చేసరికి రాక్షసుడొకడు ఇంట్లోవారిని చంపేసి ఉంటాడు. మిగిలిన ఒక్క చెల్లెలు నెజుకో తానే రాక్షసిగా మారిపోతుంది. ఆ చెల్లెల్ని తిరిగి మనిషిని చెయ్యాలని వాడు పడే తపనే కథంతా. నా దగ్గరికి వచ్చే ఒక ఇంటర్మీడియెట్ కుర్రవాణ్ణి అడిగి నాలుగు సంపుటాలు తెచ్చుకుని చదివాను. మంచి కథే. తోబుట్టువు మీద ప్రేమ, ఓడిపోయిన శత్రువు మీద కూడా జాలి, రెండూ ఉన్నాయి. అంచేత పుస్తకాలు దాచెయ్యమని, తగలబెట్టమని నేను చెప్పడం లేదు.

చిక్కల్లా ఆ పుస్తకం తెరమీదికి వచ్చినప్పుడు వస్తుంది.

ఒకే సినిమా, మూడు గుర్తులు

ఇన్ఫినిటీ క్యాజిల్‌కు జపానులో ఇచ్చిన గుర్తు 'పీజీ 12'. పన్నెండేళ్ళలోపు పిల్లలు చూడవచ్చుగాని తల్లిదండ్రుల సలహా, మార్గదర్శనం ఉండాలని. మన దేశంలో 13+. అమెరికాలో మాత్రం 'ఆర్'. అంటే 17 ఏళ్ళలోపు పిల్లలు పెద్దవారు వెంట లేకుండా లోపలికి పోవడానికి వీల్లేదు. ఇదే కథలో అంతకుముందు భాగం 'ముగెన్ ట్రైన్'. అది 2020 అక్టోబరులో జపానులో విడుదలై, ఆ దేశంలో అంతవరకు ఏ సినిమాకూ రానంత డబ్బు వసూలు చేసింది. దానికీ ఇంతే. అక్కడ పీజీ 12, అమెరికాలో ఆర్.

ఎందుకిలా? పుస్తకాన్ని పుస్తకంలాగే తీశారు గనుక. ఆ కథలో రాక్షసుణ్ణి చంపడానికి ముఖ్యమైన మార్గం, ప్రత్యేకమైన కత్తితో మెడ నరకడం. పుస్తకంలో నరికారు, తెరమీదా నరికారు. అభిమానులు కోరేది అదే. తాము చదివిన బొమ్మ తెరమీద తు.చ. తప్పకుండా కనబడాలి. ఒక్క దృశ్యం తగ్గినా ఊరుకోరు.

దీనికి సరిగ్గా తలకిందుల ఉదాహరణ ఒకటుంది. యుకితో కిషిరో అనే చిత్రకారుడు 1990 నుంచి 1995 వరకు 'బిజినెస్ జంప్' అనే పత్రికలో ఒక మాంగా రాశాడు. పేరులోనే ఉంది, అది ఉద్యోగస్తులైన యువకుల పత్రిక. చెత్తకుప్పలో దొరికిన యంత్రశరీరపు ఆడపిల్లను ఒక వైద్యుడు బాగుచేస్తాడు. ఆ పిల్ల యుద్ధవిద్యలో ఆరితేరినదని తరవాత తెలుస్తుంది. పుస్తకం నిండా రక్తపాతమే. హాలీవుడ్ వారు దీన్ని సుమారు 17 కోట్ల డాలర్ల ఖర్చుతో 'అలీటా: బ్యాటిల్ ఏంజెల్' పేరుతో 2019లో తీశారు. నిర్మాత జేమ్స్ కామెరాన్, దర్శకుడు రాబర్ట్ రోడ్రిగెజ్. పుస్తకంలోని బొమ్మలాగే ఉండాలని కథానాయిక కళ్ళను కంప్యూటరుతో చారెడేసి చేశారు. కాని అంత డబ్బు తిరిగి రావాలంటే హైస్కూలు పిల్లలు కూడా టిక్కెట్టు కొనాలి. అంచేత హింసను అదుపులో పెట్టి 'పీజీ-13' గుర్తు తెచ్చుకున్నారు.

ఈ పీజీ-13 కథ కూడా చెప్పుకోదగ్గదే. 1984లో 'ఇండియానా జోన్స్' రెండవ భాగం, 'గ్రెమ్లిన్స్' చూసి అమెరికాలో తల్లిదండ్రులు గగ్గోలు పెడితే, ఆ సంవత్సరమే పుట్టించిన గుర్తది. హింస ఉండవచ్చుగాని అది నిజమైనదిలా కనబడుతూ, పైగా తీవ్రంగానో ఎడతెగకుండానో ఉండకూడదని అక్కడివారి సూత్రం. ఇప్పుడు అలీటా చూడండి. అందులో చేతులు తెగుతాయి, తలలు తెగుతాయి. చాలా వరకు తెగేవి యంత్రాల శరీరాలు! దాంతో గండం గడిచింది. మసమునె షిరో మాంగా ఆధారంగా 2017లో వచ్చిన 'ఘోస్ట్ ఇన్ ద షెల్' కూడా ఇలాగే పెద్దవాళ్ళ పుస్తకం పీజీ-13 సినిమాగా మారిందే.

ఇప్పుడు లెక్క చూసుకోండి. పెద్దవాళ్ళ కోసం రాసిన పుస్తకాలు పదమూడేళ్ళవారి సినిమాలయ్యాయి. బాలుర పత్రికలో వచ్చిన పుస్తకం అమెరికాలో 'ఆర్' సినిమా అయింది. అందుకే తల్లిదండ్రులు మూడు మాటలు అనకూడదంటాను. "పుస్తకం చదువుతూనే ఉన్నాడుగా" అనకూడదు. "సినిమా చూశాడు గనుక పుస్తకం కొనిస్తే ఏమిటి?" అని కూడా అనకూడదు. ఇక "కార్టూనే కదా" అన్నది అసలే వద్దు. ఆ గుర్తు పుస్తకానికిచ్చింది కాదు, బొమ్మకిచ్చింది కాదు. ఆ ఒక్క సినిమాకు, ఆ ఒక్క దేశంలో ఇచ్చింది.

పేజీ వేరు, తెర వేరు

"పుస్తకంలో ఉన్నదే కదండీ తెరమీదా ఉంది?" అని అడుగుతారు కొందరు. బొమ్మ అదే కావచ్చు, అది పిల్లవాడి శరీరం మీద చేసే పని వేరు.

పుస్తకం పిల్లవాడి చేతిలో ఉంటుంది. భయం వేస్తే పేజీ తిప్పేస్తాడు, మూసేస్తాడు, దిండు కింద పెట్టేస్తాడు. రక్తం అక్కడ నల్లసిరా మరక. కత్తి చప్పుడు ఉండదు. పక్కగదిలో అమ్మ గిన్నెలు కడుగుతున్న శబ్దం వినిపిస్తూనే ఉంటుంది. సినిమాహాల్లో అదే దృశ్యం నలభై అడుగుల వెడల్పున, ఎర్రటి రంగులో, కుర్చీ అదిరే మోతతో, చీకట్లో వస్తుంది. ఆపడం వాడి చేతిలో లేదు. గుండె వేగం పెరుగుతుంది, అరిచేతులు చెమర్చుతాయి. శరీరం పారిపొమ్మంటుంది, పక్కన మామయ్య పాప్‌కార్న్ తింటూంటాడు. "భయమేస్తోంది" అంటే మగపిల్లాడివి కాదా అంటారేమోనని నోరు మూసుకుని కూర్చుంటాడు.

మా నాయనమ్మ ప్రహ్లాదుడి కథ చెప్పేది. ఐదేళ్ళ చెల్లాయి ఒళ్ళో ఉంటే నరసింహస్వామి స్తంభంలోంచి రాగానే హిరణ్యకశిపుడు భయపడి దణ్ణం పెట్టేసేవాడు. చెల్లాయి నిద్రపోయాక, పెద్దపిల్లలం అడిగితే, పేగులు మెళ్ళో వేసుకున్నదాకా చెప్పేది. కథ ఒకటే. ఆవిడ చూసుకునేది పిల్ల ముఖం. సినిమా ఎవరి ముఖమూ చూసుకోదు గదా.

ఏ వయసులో ఏది భయపెడుతుంది?

పిల్లల భయాల మీద అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జోయాన్ కాంటర్ అనే ఆవిడ చాలాకాలం పరిశోధన చేసింది. టీవీలో 'హల్క్' అని ఒక కథ వచ్చేది గుర్తుందా? మంచివాడైన మనిషి కోపం వస్తే ఆకుపచ్చని భూతంలా మారి ఇతరులకు సాయం చేస్తాడు. బడికి వెళ్ళని వయసు పిల్లలకు వాడు చేసే మేలు అర్థం కాదు. మామూలు మనిషి కళ్ళముందు భూతమైపోవడమే వాళ్ళను హడలగొట్టింది. పెద్దపిల్లలు అంతగా భయపడలేదు.

ఏడెనిమిదేళ్ళలోపు పిల్లలకు కంటికి కనబడేదే నిజం. వికారమైన ముఖం, ఒక రూపం ఇంకొక రూపంగా మారడం, హఠాత్తుగా వచ్చే పెద్ద శబ్దం, ఇవి వాళ్ళను పట్టుకుంటాయి. "అదంతా ఉత్తదే నాన్నా" అని ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళకు ఎక్కదు. వాళ్ళకు మాటలకంటె చేతలు ముఖ్యం. ఒళ్ళో కూర్చోబెట్టుకోండి, మంచినీళ్ళు తాగించండి, చిన్న దీపం వెలిగించి ఉంచండి, ఇష్టమైన బొమ్మ చేతికివ్వండి. ఆమాటకొస్తే నాయనమ్మ దిష్టి తీస్తానంటే తీయనివ్వండి. ఉప్పుకు మహిమ ఉందని కాదు, ఇంత మంది నన్ను కనిపెట్టుకుని ఉన్నారన్న ధైర్యం వాడికి వస్తుంది.

తొమ్మిదీ పదేళ్ళు దాటినవారికి రాక్షసుల భయం తగ్గుతుంది. కాని నిజంగా జరగగల సంగతులంటే భయం మొదలవుతుంది. రోగం, చావు, దొంగ, తల్లిదండ్రులు దూరం కావడం. వీళ్ళతో మాట్లాడాలి. నిజంగా అలా జరిగే అవకాశమెంత, జరిగితే మనమేం చేస్తాం అన్నది వివరంగా చెప్పాలి. కొట్టివేస్తే వినరు.

అన్ని నిద్రభంగాలూ ఒకటి కావని కూడా గుర్తుంచుకోండి. పడుకున్న గంటా రెండు గంటల్లో పిల్లవాడు కేకపెట్టి లేచి, కళ్ళు తెరిచే ఉన్నా మిమ్మల్ని గుర్తుపట్టక, పొద్దున్న అడిగితే ఏమీ జ్ఞాపకం లేదంటే, అది గాఢనిద్రలో వచ్చే కలవరం. లేపి కుదిపి అడగవద్దు, పడిపోకుండా చూసి మళ్ళీ పడుకోబెడితే చాలు. తెల్లవారుజామున లేచి, కల ఫలానా అని చెప్పగలిగితే అది పీడకల. పీడకలలు సినిమా చూసిన తరవాత వారం పదిరోజులు రావడం మామూలే. మన కుర్రవాడి వ్యవహారం ఈ రెండింటిలోనూ పూర్తిగా ఇమడలేదు. కేకలు లేవు, ఏడుపు లేదు. మరి వాళ్ళ నాన్న ముక్కు దగ్గర వేలెందుకు?

కుర్రవాడు చెప్పిన సంగతి

తల్లిని కాసేపు బయట కూర్చోమని, వాడికి కాగితం, పెన్సిలు ఇచ్చి సినిమాలో గుర్తున్నది ఏదైనా గీయమన్నాను. రాక్షసుడి బొమ్మ వేస్తాడనుకున్నాను. వాడు ఒక చాప గీశాడు. దానిమీద పడుకున్న మనిషి. పక్కన చిన్న పిల్లవాడు, వాడి చేతిలో పొట్లం.

ఇన్ఫినిటీ క్యాజిల్‌లో అకాజా అని ఒక రాక్షసుడున్నాడు. చాలా క్రూరుడు. వాడు రాక్షసుడు కాకముందు మనిషిగా ఉన్నప్పటి కథ సినిమాలో వివరంగా చూపిస్తారు. బీదవాడు, తండ్రికి జబ్బు. మందులు కొనడానికి డబ్బు లేక జేబులు కొడతాడు. కొడుకు తనకోసం దొంగ కావడం భరించలేక ఆ తండ్రి ప్రాణం తీసుకుంటాడు. పెద్దవారికి కంటనీరు పెట్టించే ఘట్టం. సినిమా తీసినవారు పుస్తకానికి ద్రోహం చెయ్యకుండా తీశారు.

ఆ సంవత్సరమే వేసవిలో మన కుర్రవాడి తండ్రికి గుండెనొప్పి వచ్చి స్టెంటు వేశారు. పిల్లవాణ్ణి అమ్మమ్మ ఇంట్లో వదిలి వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఇంటికి వచ్చాక, అప్పులెంతయ్యాయో లెక్క చూసుకుంటూ ఆయన ఒకసారి "నా జబ్బుతో మీ అందరికీ భారమయ్యాను" అన్నాడట. పిల్లవాడు హోంవర్కు రాసుకుంటున్నాడు, వాడు వింటున్నాడని ఎవరూ అనుకోలేదు. "మా నాన్నకూడా అలాగే అనుకుంటాడా డాక్టరుగారూ?" అని వాడు నన్నడిగాడు.

నలభై ఏళ్ళుగా పిల్లలకు మందులిస్తున్నాను. ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

13+ అన్న అంకె వెనక ఉన్నది రక్తం మాత్రమే కాదని అందుకే అంటున్నాను. ముగెన్ ట్రైన్‌లో కూడా, కలలోంచి బయటపడడానికి తాంజిరో ఆ కలలో తనమీదనే కత్తి ఎత్తుకునే ఘట్టం ఉంది. పదిహేనేళ్ళవాడికి అది ఎత్తుగడగా అర్థమవుతుంది. ఏడేళ్ళవాడికి ఏమర్థమవుతుందో పక్కన కూర్చున్న పెద్దవారు అడిగి తెలుసుకుంటే తప్ప తెలియదు. పైగా సెన్సారు బోర్డుకు మీ ఇంట్లో పోయిన వేసవిలో ఏం జరిగిందో తెలియదు. ఇంట్లో ఈమధ్య చావో, రోగమో, పెద్ద పోట్లాటో జరిగి ఉంటే, సర్టిఫికెట్టు ఏదైనా సరే, ఆ సినిమా కథ ముందు తెలుసుకున్నాకనే తీసుకువెళ్ళండి.

ఆ తండ్రిని మర్నాడు ఒంటరిగా రమ్మన్నాను. కొడుకుతో తనే మాట్లాడాలని చెప్పాను. "నాకు బతకాలని ఉంది, నిన్ను పెద్దచదువు చదివించాలని ఉంది" అని నోరు తెరిచి చెప్పమన్నాను. మనవాళ్ళకు ఇలాంటి మాటలు పైకి అనడం సిగ్గు. అయినా ఆయన చెప్పాడు. రోజూ వేసుకోవలసిన మాత్రలు తీసి ఇచ్చే పని పిల్లవాడికి అప్పగించారు. ఇరవై రోజుల్లో రాత్రి లేవడం మానేశాడు. నేను మందేమీ రాయలేదు.

అంత సులభంగా తగ్గని పిల్లలూ ఉంటారు. నెల దాటినా నిద్ర కుదరకపోయినా, మానేసిన పక్కతడుపు మళ్ళీ మొదలైనా, బడికి పోనని మొండికేసినా, చావు గురించి పదేపదే మాట్లాడినా పిల్లల వైద్యునికి గాని మానసిక వైద్యునికి గాని చూపించండి. దగ్గరలో ఎవరూ లేకపోతే ప్రభుత్వంవారి 'టెలీ మానస్' ఫోను 14416 ఉంది. డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడవచ్చు.

సర్టిఫికెట్టు చెప్పని సంగతులు

మూర్ఛవ్యాధి ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఇది జాగ్రత్తగా చదవండి. 1997 డిసెంబరు 16 సాయంత్రం జపాను టీవీలో 'పోకెమాన్' కార్టూను వస్తూండగా ఎరుపు, నీలం కాంతులు సెకనుకు పన్నెండుసార్ల చొప్పున మెరిశాయి. కొద్ది సెకన్లే. ఆ రాత్రి సుమారు 700 మంది పిల్లలను ఆసుపత్రులకు తీసుకువెళ్ళారు. కొందరికి ఫిట్లు వచ్చాయి, కొందరికి కళ్ళు తిరిగి వాంతులయ్యాయి. ఆ తరవాత అక్కడి టీవీలవారు నిబంధనలు పెట్టుకున్నారు. కాని వయసు గుర్తు మెరుపుల సంగతి చెప్పదు. పోరాటాల బొమ్మల చిత్రాల్లో మెరుపులు విస్తారంగా ఉంటాయి. ఇంతకుముందు ఫిట్లు వచ్చిన పిల్లవాడైతే మీ వైద్యుణ్ణి అడిగి తీసుకువెళ్ళండి. హాల్లో ముందు వరసలు వద్దు. మెరుపులకు కళ్ళు ఇబ్బందిగా ఉంటే రెండు కళ్ళూ మూసుకోవడం కంటె ఒక కంటిని అరచేత్తో పూర్తిగా కప్పి, ముఖం పక్కకు తిప్పుకోమనండి. ఇంట్లో అయితే గదిలో దీపం వేసి, దూరంగా కూర్చోబెట్టండి.

నిద్ర లెక్క కూడా వేసుకోండి. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. 155 నిమిషాల సినిమాకు రాత్రి ఆటకు వెళితే, ఇంటర్వెల్ కలుపుకుని ఇంటికి చేరేసరికి ఒంటిగంట. పొద్దున్న ఏడింటికి బడి బస్సు. పిల్లలతో వెళ్ళదలిస్తే మ్యాట్నీకి వెళ్ళండి. వెలుతురులో ఇంటికి వస్తూ, దారిలో ఇడ్లీయో బజ్జీయో తింటూ సినిమా గురించి మాట్లాడుకోవచ్చు. నడవా పక్క సీటు తీసుకోండి. పిల్లవాడు చెవులు మూసుకున్నా, కాళ్ళు పైకి ముడుచుకున్నా బయటికి తీసుకువచ్చేయండి. టిక్కెట్టు డబ్బులు దండగవుతాయని కూర్చోబెట్టవద్దు.

ఇంట్లో ఓటీటీ ఉన్నవారికి ఒక మాట. 2021 నుంచి వాటిమీద కూడా ఇవే అంకెలు వేస్తున్నారు. 13+ ఆపైన ఉన్నవాటికి తాళం వేసే సదుపాయం ఇవ్వాలన్న నిబంధన కూడా ఉంది. తాళం ఉందిగాని చాలా ఇళ్ళలో ఎవరూ వెయ్యడం లేదు. వేసినవారు మాత్రం అంకెగా పెద్దకొడుకు పుట్టినతేదీ పెడుతున్నారు! ఇక ఫోనులో ముక్కలు ముక్కలుగా వచ్చే రీళ్ళకు ఏ సర్టిఫికెట్టూ లేదు. తల తెగే దృశ్యం ఒక్కటే ముప్పై సెకన్లు వస్తుంది. దాని ముందూ వెనకా ఉన్న కథ, జాలి, దుఃఖం ఏవీ రావు. నన్నడిగితే పూర్తి సినిమా చూడడం కంటె ఇది హానికరం.

ఆ కుర్రవాడు మొన్న జలుబుకు వచ్చాడు. మొదటి సంపుటం వాళ్ళ నాన్నే కొనిచ్చాడట, రోజుకొక అధ్యాయం చొప్పున ఇద్దరూ కలిసి చదువుతున్నారట. ఇన్ఫినిటీ క్యాజిల్ మూడు భాగాలని, ఇంకా రెండు రావాలని నాకు చెప్పాడు. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుని, "నాకు పదమూడు రావడానికి ఇంకా చాలా ఉంది కదండీ. అప్పటిదాకా హాల్లో ఆడుతుందా?" అని అడిగాడు. ఆడదురా అన్నాను. ముఖం ముడుచుకుని, చీటీ తీసుకుని వెళ్ళిపోయాడు.